గోడౌనులో ఉంటే బీమా... పందిరి వేస్తే దైవాధీనం!

రెంటచింతల: మాఘమాసం వచ్చిందంటే పల్నాటిలో షామియానా గుడ్డకు విశ్రాంతి ఉండదు. ఒక ఊళ్ళో పెండ్లి పందిరి విప్పేలోగా పక్క ఊరివాళ్ళు వచ్చి నిలబడతారు. కుర్చీలు, బల్లలు, జంపఖానాలు, గుండిగలు, గంగాళాలు, సీరియల్ బల్బులు, మైకుసెట్టు, జనరేటరు - ఇవి లేనిదే ఇప్పుడు పెండ్లి లేదు, ఓణీల ఫంక్షను లేదు, గృహప్రవేశం లేదు, చివరకు పెద్దకర్మ కూడా లేదు.

ఊరందరికీ నీడనిచ్చే ఈ సప్లయి సామాను వెనుక ఒక కుటుంబం ఏళ్ళ తరబడి పోగుచేసిన పెట్టుబడి ఉన్నది. బ్యాంకు అప్పు ఉన్నది. గుంజలు పాతి, గుడ్డ కట్టి, లైట్లు వేలాడదీసే కూలీల బ్రతుకు ఉన్నది. ఒక్క రాత్రి గాలివాన వచ్చినా, ఒక్క తీగ తెగినా ఇదంతా ఏమి కావాలి?

ఈ ప్రశ్నకు చాలామంది యజమానులు చెప్పుకొనే ధైర్యం ఒక్కటే - అప్పు ఇచ్చినప్పుడు బ్యాంకువారు చేయించిన బీమా. బీమా ఉన్నమాట నిజమే. కాని ఆ కాగితం తీసి చదివితే అసలు సంగతి బయటపడుతుంది. అది గోడౌను నాలుగు గోడల మధ్య ఉన్న సామానుకు మాత్రమే. ఈ వ్యాపారంలో సామాను గోడౌనులో ఉన్న రోజు ఆదాయం లేదు. ఆదాయం ఉన్న రోజు సామాను గోడౌనులో ఉండదు. అంటే డబ్బు వచ్చే రోజున బీమా లేదన్నమాట!

ఎండల ఊరు - గాలుల కాలం

రాష్ట్రంలో ఎండలు మండిపోతున్నాయనే వార్తలో రెంటచింతల పేరు లేకుండా ఉండదు. వాతావరణ కేంద్రం ఉన్న ఊరు కావడంతో ఇక్కడి ఎండ దశాబ్దాలుగా లెక్కకెక్కుతూనే ఉన్నది. పల్నాటి రైతుకు మిర్చి అమ్మిన డబ్బు చేతికి వచ్చేదీ, పెండ్లి ముహూర్తాలు కుదిరేదీ ఈ ఎండాకాలంలోనే. పందిరి లేనిదే నాలుగు అడుగులు వేయలేని కాలం అది.

పూర్వం ఇంటి ముందు తాటాకులతో చలువ పందిరి వేసేవారు. ఊళ్ళోవాళ్ళే గుంజలు తెచ్చేవారు, ఊళ్ళోవాళ్ళే ఆకులు కప్పేవారు. పందిరి కూలినా పోయేది నాలుగు తాటాకులు. ఇప్పుడు పందిరి అంటే ఇనుప పైపులు, నైలాను గుడ్డలు, తెరలు, వందల బల్బులు, పెద్ద పెద్ద స్పీకర్లు, ఏసీ కూలర్లు. పగలంతా కాచిన ఎండకు సాయంత్రం ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచిందంటే గుడ్డ తెరచాపవలె ఉబ్బుతుంది. ఇనుప పైపుతో సహా లేచి కరెంటు తీగమీద పడినా ఆశ్చర్యం లేదు.

పెండ్లిళ్ళతోనే ఈ వ్యాపారం ఆగిపోలేదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఆకాశాన్నంటే విద్యుత్ ప్రభలు, కార్తీకంలో కారంపూడి వీరారాధన ఉత్సవాలు, మాచర్ల చెన్నకేశవస్వామి ఉత్సవాలు, ఊరూరా చర్చి పండుగలు, ఎడ్ల బండలాగుడు పందాలు, వినాయక చవితి పందిళ్ళు, ఎన్నికల సభలు - ఎక్కడ నలుగురు చేరినా అక్కడ సప్లయి సామాను ఉండవలసిందే. వేలాదిమంది జనం, వారి నెత్తిన గుడ్డ, గుడ్డకు చుట్టూ కరెంటు!

ఒక రాత్రి - మూడు నష్టాలు

విషయం తేటగా అర్థం కావడానికి ఒక యజమానిని ఊహించుకుందాం. ఇతని వద్ద 10 లక్షల రూపాయల సామాను ఉన్నది. బ్యాంకులో 4 లక్షలు అప్పు తీసుకున్నాడు. అప్పుకు సరిపోయేటట్లు 4 లక్షలకు బీమా చేయించారు. వైశాఖమాసంలో ఒక పెండ్లికి పందిరి వేశాడు. రాత్రి భోజనాల వేళ గాలి లేచింది. పందిరి ఒక పక్కకు ఒరిగింది. తీగలు రాచుకుని నిప్పురవ్వలు పడి గుడ్డ అంటుకున్నది. 2 లక్షల సామాను కాలిపోయింది. మంట ఆర్పబోయిన కూలీకి కరెంటు తగిలి ప్రాణం పోయింది. పందిరి కింద ఉన్న పెండ్లివారి చుట్టం ఒకాయనకు పైపు పడి కాలు విరిగింది.

సామాను, కూలీ, చుట్టం - మూడు నష్టాలు. అతని వద్ద ఉన్న బీమా కాగితం ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ అక్కరకు రాదు. ఎందువల్ల? ఒక్కొక్కటే చూద్దాం.

సామాను మాట

చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో కంపెనీలన్నీ 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే ఒకే తీరు పాలసీని ఇస్తున్నాయి. ఒకచోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలకు మించనివారికి ఇది వర్తిస్తుంది. మన సప్లయి కొట్లన్నీ ఈ కోవలోకే వస్తాయి. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, అల్లర్లు వంటివాటివల్ల కలిగే నష్టానికి పరిహారం ఇస్తారు. పాలసీ మంచిదే. కాని అందులో చిరునామా రాసి ఉంటుంది. ఆ చిరునామాలో జరిగిన నష్టానికే సాధారణంగా పూచీ. పెండ్లివారి ఇంటి ముందు, పొలంలో, బడి ఆవరణలో వేసిన పందిరి ఆ చిరునామా కాదు.

అందువల్ల అద్దెకు తిరిగే సామానుకు ఎక్కడ ఉన్నా వర్తించేటట్లు విడిగా రాయించుకోవాలి. దారిలో బండి బోల్తాపడితే కలిగే నష్టానికి రవాణా బీమా వేరు. మైకుసెట్టు, మిక్సరు, లైటింగు సామానుకు ఎలక్ట్రానిక్ పరికరాల బీమా వేరు. ఆరుబయట వేసిన గుడ్డ పందిరికి గాలివల్ల కలిగే నష్టం ఇస్తారా, ఇవ్వరా అన్నది నోటిమాటతో వదలక పాలసీలో రాసి ఉన్నదో లేదో చూసుకోవాలి. పాతబడి చిరిగిన గుడ్డకూ, వాడకంలో వంగిన కుర్చీకీ ఏ కంపెనీ డబ్బు ఇవ్వదు.

దొంగతనం సంగతి మరొకటి. పైన చెప్పిన పాలసీలో అగ్నిప్రమాదమో, వరదో జరిగిన సందర్భంలో ఏడు రోజులలోగా జరిగిన దొంగతనానికే పూచీ ఉన్నది. మామూలు రోజున గోడౌను తాళం పగులగొట్టి రాగి గుండిగలు ఎత్తుకుపోతే దానికి దొంగతనాల బీమా వేరుగా ఉండవలసిందే.

తక్కువకు రాయిస్తే తక్కువే

మన యజమాని మంట గోడౌనులోనే అంటుకున్నదనుకుందాం. అప్పుడైనా 2 లక్షల నష్టానికి 2 లక్షలు వస్తాయా? రావు. 10 లక్షల సామానుకు 4 లక్షలకే బీమా చేయించాడు. అంటే వందకు నలభై. కాబట్టి కంపెనీ నష్టంలో కూడా వందకు నలభై వంతున 80 వేల రూపాయలే లెక్కగడుతుంది. మిగిలిన 1 లక్షా 20 వేలు యజమాని నెత్తినే. విలువలో 15 శాతం వరకు తక్కువ రాయించినా ఈ కోత ఉండదని సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో వెసులుబాటు ఉన్నది. అంతకు మించితే కోత తప్పదు.

అప్పు ఎంతో అంతకే బీమా అనేది బ్యాంకు రక్షణకు సరిపోతుంది గాని వ్యాపారి రక్షణకు సరిపోదు. సామాను పెరిగిన కొద్దీ బీమా మొత్తం కూడా పెంచుకుంటూ పోవాలి. ఇందుకు బిల్లులు ఉండాలి. గుంటూరులోనో, హైదరాబాదులోనో సామాను కొన్నప్పుడు బిల్లు లేకుండా కొంటే వంద, రెండు వందలు మిగిలితే మిగలవచ్చు. నష్టం జరిగిన రోజున సర్వేయరు అడిగే మొదటి కాగితం ఆ బిల్లే. రెండవది స్టాకు పుస్తకం.

కూలీ ప్రాణానికి విలువ ఎంత?

మూడు నష్టాలలో పూడ్చలేనిది కూలీ ప్రాణం. పనిలో ఉండగా ప్రమాదం జరిగి కూలీ మరణించినా, అంగవైకల్యం కలిగినా పరిహారం ఇచ్చే బాధ్యత యజమానిదేనని 1923 నాటి చట్టం నుంచి ఉన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడులో ఆ బాధ్యత కొనసాగుతున్నది. యజమాని తప్పు ఉన్నదా లేదా అనేది ఇక్కడ ప్రధానం కాదు. పనిలో ఉండగా జరిగిందా అన్నదే ప్రశ్న. కూలీ వయస్సును, జీతాన్ని బట్టి లెక్కగట్టే ఈ సొమ్ము లక్షల్లో ఉంటుంది. గుండిగలు, కుర్చీలు అమ్మినా తీరని బాకీ కావచ్చు.

ఈ బాధ్యతకు బీమా ఉన్నది. ఎంతమంది కూలీలు, ఏ పని, ఏడాదికి ఎంత కూలి చెల్లిస్తారు అన్నది చెప్పి పాలసీ తీసుకోవచ్చు. అయితే ముహూర్తాల రోజుల్లో పదిమందిని అదనంగా పిలిచి, కాగితంలో ముగ్గురినే చూపిస్తే పేచీ తప్పదు.

దీనికి తోడు కూలీ తన పేరిట చేసుకోగలది మరొకటి ఉన్నది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 మే నుంచి అమలులో ఉన్నది. బ్యాంకులోగాని, పోస్టాఫీసులోగాని ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయస్సు ఉన్నవారు చేరవచ్చు. 2022 జూన్ 1 నుంచి ఏడాదికి 20 రూపాయలు ఖాతాలో నుంచి కోసుకుంటున్నారు. ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షలు, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష ఇస్తారు. రెండు టీల ఖరీదు కూడా కాని ఈ 20 రూపాయలు మే నెలాఖరులో ఖాతాలో లేకపోతే ఆ ఏడాది బీమా రద్దయినట్లే. ముహూర్తాలు ముమ్మరంగా ఉండే ఆ నెలలోనే తన కూలీలందరి ఖాతాలూ ఒకసారి చూసే యజమాని వారికి పెద్ద మేలు చేసినవాడవుతాడు. అయితే ఈ 2 లక్షలు వచ్చినంత మాత్రాన యజమాని చట్టప్రకారం ఇవ్వవలసిన పరిహారం తీరిపోదు. అది వేరు, ఇది వేరు.

చుట్టానికి కాలు విరిగితే

విందుకు వచ్చినవారు మనవాళ్ళే, కేసులు పెట్టరులే అనుకోవడం సహజం. చిన్న దెబ్బ అయితే పెట్టకపోవచ్చు. ప్రాణం పోయినప్పుడు, ఇంటి పెద్ద మంచాన పడినప్పుడు ఆ ఇంటివారికి వేరే దారి ఉండదు. అప్పుడు పందిరి వేసినవారు, కరెంటు ఇచ్చినవారు, కార్యం జరిపించినవారు అందరూ కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

హర్యానా రాష్ట్రంలోని మండీ డబ్వాలీలో 1995 డిసెంబరు 23న ఒక పాఠశాల వార్షికోత్సవం జరిగింది. పెండ్లి మండపంలో సింథటిక్ గుడ్డతో వేసిన పందిరికి మంట అంటుకున్నది. కొద్ది నిమిషాల్లోనే మండుతున్న గుడ్డ జనంమీద పడింది. 442 మంది మరణించారు. వారిలో అధిక భాగం పిల్లలు, తల్లులు. పరిహారం చెల్లించాలని పాఠశాల యాజమాన్యాన్నీ, ప్రభుత్వ పక్షాన్నీ ఆదేశిస్తూ హైకోర్టు తీర్పు చెప్పింది 2009లో. బాధితులు 14 సంవత్సరాలు ఎదురుచూశారు.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదు రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు మరణించారు. రథాన్ని లాగుతున్న వాహనం మొరాయిస్తే భక్తులు చేతులతో నెట్టుకుపోతుండగా జరిగిన ఘోరం అది. ఊరేగింపులు, ప్రభలు జరిపే పల్నాటి పల్లెలకు ఇది పరాయి సంగతి కాదు.

ఇటువంటి నష్టానికి ఉద్దేశించినదే పబ్లిక్ లయబిలిటీ పాలసీ. మనవల్ల పరులకు ప్రాణనష్టం, ఆస్తినష్టం జరిగితే మనం చట్టప్రకారం ఇచ్చుకోవలసిన సొమ్మును కంపెనీ ఇస్తుంది. ఒక ప్రమాదానికి ఇంత, ఏడాది మొత్తానికి ఇంత అని రెండు హద్దులు ఉంటాయి. ఏడాది పొడుగునా తీసుకోవచ్చు. ఒక్క సభకు, ఒక్క తిరునాళ్ళకు అయినా తీసుకోవచ్చు.

ముంబయిలోని జి.ఎస్.బి. సేవా మండలి వినాయక ఉత్సవాన్ని ఇందుకు ఉదాహరణగా చెప్పుకోవచ్చు. 2025లో వారు 474 కోట్ల 46 లక్షల రూపాయలకు బీమా చేయించారు. విగ్రహానికి అలంకరించే బంగారం, వెండి నగలకు అందులో 67 కోట్లు. జనానికి జరిగే నష్టానికి 30 కోట్లు. మిగిలినదానిలో 375 కోట్లు అక్కడ పనిచేసే కార్యకర్తలు, పూజారులు, వంటవారు, కాపలాదారుల ప్రమాద బీమాయే! వారి కోట్లు మనకు లేవు. కాని బంగారంకంటే మనుషులకు ఎక్కువ రాయించిన వారి తెలివిని పల్లెటూరి ఉత్సవ కమిటీ కూడా అనుసరించవచ్చు.

కొక్కెం వేస్తే కొంప మునిగినట్లే

బీమా ఉన్నదని నిర్లక్ష్యంగా ఉంటే ఆ బీమా నిలవదు. పక్కనున్న కరెంటు తీగకు కొక్కేలు తగిలించి పందిరికి లైట్లు వేసుకోవడం పల్లెల్లో కొత్త కాదు. విద్యుత్ శాఖకు డబ్బు కట్టి తాత్కాలిక కనెక్షను తీసుకోకుండా ఇలా చేస్తే అది నేరం. ప్రమాదం జరిగితే కంపెనీ ముందుగా పట్టుకునేదీ ఆ కొక్కేన్నే. పందిరికి రెండు వైపులా దారి వదలడం, ఇసుక బకెట్లు పెట్టడం, అతుకులు లేని తీగ వాడటం, గాలి లేవగానే కరెంటు ఆపే మనిషిని ఒకరిని నియమించడం - వీటికి పెద్దగా ఖర్చు లేదు. ప్రాణాలు దక్కుతాయి, క్లెయిమూ దక్కుతుంది.

వంటమేస్త్రులకు ఇటువంటిదే మరొక సంగతి. ఇంటి అవసరానికి ఇచ్చిన 14.2 కిలోల గ్యాసు బండను విందు వంటకు వాడటం నిబంధనలకు విరుద్ధం. వ్యాపారానికి 19 కిలోల బండ వేరుగా ఉన్నది. గ్యాసు ప్రమాదాలకు చమురు కంపెనీలు చేయించే బీమా ఒకటి ఉన్నది. గ్యాసే మూలకారణమైన ప్రమాదంలో మనిషి మరణిస్తే 6 లక్షల వరకు ఇస్తారు. అయితే ఆస్తినష్టానికి మాత్రం కనెక్షను నమోదైన చిరునామాలో జరిగినదానికే పూచీ. పొయ్యి పెట్టిన పెండ్లివారి దొడ్డి ఆ చిరునామా కాదు.

సామానుమీద సవారీ

పందిరి విప్పేసరికి తెల్లవారుజాము అవుతుంది. నిద్రకళ్ళ డ్రైవరు, ట్రాలీలో సామాను, సామానుమీద కూలీలు. ఈ దృశ్యం చూడని ఊరు లేదు. నాలుగవ నష్టం ఇక్కడ పొంచి ఉన్నది.

2022 మే 29 రాత్రిని రెంటచింతల ఇంకా మరచిపోలేదు. శ్రీశైలం యాత్ర ముగించుకుని వస్తున్నవారి టాటా ఏస్ ఊరి దగ్గరకు వచ్చి, ఆగి ఉన్న లారీని ఢీకొన్నది. ఆరుగురు మరణించినట్లు మరునాడు పత్రికలలో వచ్చింది. వారు పందిళ్ళు వేసేవారు కారు, యాత్రికులు. కాని సరుకుల బండిలో మనుషులు ప్రయాణం చేయడం అన్నచోట రెండూ ఒకటే.

సరుకుల బండికి కట్టే తప్పనిసరి బీమా దారిన పోయేవారికి జరిగే నష్టానికి వర్తిస్తుంది. బండిలో సరుకుతో పాటు వచ్చే సరుకు యజమానికిగాని, అతని ప్రతినిధికిగాని 1994లో చేసిన సవరణతో రక్షణ వచ్చింది. అంతేగాని ఊరకే ఎక్కి కూర్చున్నవారికి కంపెనీ పూచీ లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఎక్కించి దించే కూలీలలో ఎందరికి ప్రీమియం కట్టారో పాలసీలో ఉంటుంది. ఇద్దరికి కట్టి పదిమందిని ఎక్కిస్తే మిగిలిన ఎనిమిది మంది భారం బండి యజమానిదే. ట్రాక్టరు సంగతి మరీ అన్యాయం. వ్యవసాయ పనులకని బీమా చేయించి, షామియానా సామాను కిరాయికి తోలితే షరతు మీరినట్లే. ట్రాలీకి బీమా విడిగా ఉండాలన్నది కూడా చాలామందికి తెలియదు. సామాను ఒక బండిలో, మనుషులు ఆటోలోనో, బస్సులోనో రావడం ఉత్తమం. ఆ ఖర్చును కిరాయిలో కలిపి అడిగితే పెండ్లివారు కాదనరు.

పెండ్లి ఆగిపోతే?

అడ్వాన్సు తీసుకుని, సామాను సిద్ధం చేసుకున్న తరువాత కార్యం ఆగిపోతే నష్టం ఎవరిది? అగ్నిప్రమాదం, ప్రకృతి వైపరీత్యం, పెండ్లింట మరణం వంటి కారణాలతో ఆగిపోతే ఖర్చు ఇచ్చే పాలసీలు ఉన్నాయి. కట్నం దగ్గర పేచీ వచ్చి, మనసు మారి ఆగిపోతే ఏ బీమా వర్తించదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చినప్పుడు ముహూర్తాలన్నీ ఒక్కసారిగా పోయి, సప్లయి సామాను నెలల తరబడి గోడౌనులో మూలుగుతూ ఉండిపోయింది. అంటువ్యాధులను మినహాయించే షరతు పాలసీలో ఉన్నదేమో ముందే చూసుకోవాలన్నది ఆ ఏడాది నేర్పిన పాఠం.

దీనికి బీమాకంటే ముందు ఒక చిన్న కాగితం చాలు. తేదీ, సామాను, కిరాయి, అడ్వాన్సు, ఆగిపోతే ఎవరికి ఎంత, కరెంటు కనెక్షను బాధ్యత ఎవరిది, పోయిన సామానుకు ఎవరు కట్టాలి - ఈ ఏడు సంగతులు తెలుగులో రాసి ఇద్దరూ సంతకం చేస్తే సగం తగాదాలు ఉండవు. చుట్టరికం ఉన్నచోట కాగితం ఏమిటని మొగమాటపడరాదు. కాగితం ఉన్నచోటనే చుట్టరికం నిలుస్తుంది.

నష్టం జరిగిన నాడు

ప్రమాదం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. మంట అయితే అగ్నిమాపక కేంద్రానికి, ప్రాణనష్టం, గాయాలు, దొంగతనం అయితే పోలీసులకు తెలిపి కాగితం తీసుకోవాలి. ఫోటోలు తీయాలి. మనిషిని కాపాడటానికి, మంట ఆర్పడానికి తప్ప కాలిన సామానును సర్వేయరు చూసేదాకా కదిలించరాదు. తుక్కు కింద అమ్మివేయరాదు. జరిగినది జరిగినట్లే చెప్పాలి. వందకు వెయ్యి చెబితే న్యాయంగా రావలసిన వంద కూడా పోతుంది.

కంపెనీ అన్యాయంగా కాదన్నప్పుడు ఊరుకోనక్కరలేదు. మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చు. సొంత పేరిట వ్యాపారం చేసుకొనేవారు, సూక్ష్మ వ్యాపారులు కూడా ఇందుకు అర్హులే. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. బీమా నియంత్రణ సంస్థ ఉచిత ఫోను నెంబరు 155255. వ్యాపారాన్ని 'ఉద్యమ్' కింద నమోదు చేసుకుంటే సూక్ష్మ వ్యాపారినని రుజువు చేతిలో ఉంటుంది. దానికీ రుసుము లేదు.

కలిసి అడిగితే కాదనేదెవరు?

1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా ప్రభుత్వరంగంలోకి వచ్చి, నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలు ఏర్పడ్డాయి. 2000 సంవత్సరం తరువాత ప్రైవేటు కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. కనుక ఒకరి మాట విని ఆగక, ఇద్దరు ముగ్గురి వద్ద ధర అడిగి పోల్చుకోవచ్చు. అడగవలసినవి నాలుగే ప్రశ్నలు. గోడౌను దాటిన సామానుకు వర్తిస్తుందా? నా కూలీలకు వర్తిస్తుందా? పందిరి కిందికి వచ్చిన జనానికి వర్తిస్తుందా? దారిలో వర్తిస్తుందా? నాలుగింటికీ జవాబు పాలసీలో ఏ పేజీలో ఉన్నదో చూపించమనాలి.

ఒక్కొక్కరు విడిగా వెడితే చిన్న వ్యాపారి మాట ఎవరూ పట్టించుకోకపోవచ్చు. రెంటచింతల, గురజాల, మాచర్ల, దాచేపల్లి మండలాల షామియానా, మైకు, లైటింగు, వంట పనులవారు ఒక సంఘంగా కలిసి అడిగితే కూలీలందరికీ కలిపి సామూహిక ప్రమాద బీమా కుదుర్చుకోవడం కష్టం కాదు. అప్పు ఇచ్చే బ్యాంకులు కూడా తమ బాకీకి సరిపడా బీమాతో చేతులు దులుపుకోక, ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో తెలుగులో ఒక పేజీ రాసి ఇస్తే వ్యాపారులకు ఎంతో మేలు జరుగుతుంది. జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో అధికారులు జరిపే బ్యాంకర్ల సమావేశాలలో ఈ విషయం చర్చకు రావలసిన అవసరం ఉన్నది.

పెండ్లివారికి కూడా ఒక మాట. కిరాయి బేరమాడేటప్పుడు వెయ్యి తగ్గించమని అడుగుతాం. కూలీలకు బీమా ఉన్నదా అని ఎవరమూ అడగం. మన ఇంటి శుభకార్యానికి గుంజ ఎక్కిన మనిషి క్షేమంగా దిగి తన ఇంటికి చేరితేనే ఆ కార్యం శుభంగా ముగిసినట్లు. ఈసారి అడ్వాన్సు ఇచ్చేముందు ఆ ఒక్క ప్రశ్న కూడా అడిగితే యజమాని కాగితం తీసి చూసుకుంటాడు. చూసుకున్ననాడు అది గోడౌను గోడల దగ్గరే ఆగిపోయిందని అతనికే తెలుస్తుంది.